గే పిల్లల్లో డిప్రెషన్: కౌన్సెలింగ్ గదిలో తరచూ వినే అపోహలు

పదహారేళ్ల అబ్బాయి. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. తనకు నచ్చిన మనిషి గురించి చెబుతూ "తను నిన్న కనిపించారు, మాట్లాడలేదు" అన్నాడు. క్లాస్‌మేట్‌ని "కనిపించారు" అంటాడేమిటి? తెలుగులో తోటివాళ్ల గురించి మామూలుగా చెబితే క్రియలోనే ఆడో మగో తెలిసిపోతుంది. "కనిపించాడు" అంటే బయటపడతాడు, "కనిపించింది" అంటే అబద్ధమవుతుంది. అందుకని "రు" చాటున దాక్కున్నాడు. మూడో వారం ఒకసారి "నవ్వాడు" అని నోరు జారాడు. వెంటనే తలెత్తి నా ముఖం చూశాడు. "అతను నవ్వితే నీకేమనిపించింది?" అని అడిగాను. అప్పుడు ఏడ్చాడు.

అపోహ: గే కాబట్టే డిప్రెషన్ వచ్చింది.

వాస్తవం: మనిషిని కుంగదీసేది సాటి మగవాళ్ల మీద కలిగే ఆ ఆకర్షణ కాదు, దాన్ని దాచడానికి రాత్రింబవళ్లు కాసే కాపలా. ఎగతాళి, తిరస్కారం ఒక ఎత్తు. ఎప్పుడు బయటపడుతుందోనన్న టెన్షన్, తన మీద తనకే పుట్టే అసహ్యం ఇంకో ఎత్తు. పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో దీన్నే 'మైనారిటీ స్ట్రెస్' పేరుతో వివరంగా రాశారు. ఇంటి పాత్ర ఎంతుంటుందో 2009లో అమెరికాలో కెయిట్లిన్ రయన్ బృందం ప్రచురించిన అధ్యయనం చూపించింది. టీనేజ్‌లో ఇంట్లోవాళ్ల తీవ్ర తిరస్కారం ఎదుర్కొన్నవాళ్లలో, అది అంతగా లేనివాళ్లతో పోలిస్తే, డిప్రెషన్ అవకాశం దాదాపు 6 రెట్లు, ఆత్మహత్యాయత్నం అవకాశం 8 రెట్లకు పైగా ఎక్కువ. ఈ అంకెలు తల్లిదండ్రులను నిందించడానికి చెప్పడం లేదు. ఇంట్లో మాట మారితే బిడ్డకు ఎంత మేలో తెలియాలని చెబుతున్నాను.

అపోహ: మంచి డాక్టర్‌కి చూపిస్తే మారిపోతాడు.

వాస్తవం: జబ్బే కానిదానికి వైద్యం ఏముంటుంది? అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. కొందరు మారగలరని 2003లో అధ్యయనం ప్రచురించిన అమెరికన్ సైకియాట్రిస్ట్ రాబర్ట్ స్పిట్జర్, అది తప్పని ఒప్పుకుని 2012లో క్షమాపణ చెప్పారు. ఎవరైనా మారుస్తామని మాటిస్తే అక్కడి నుంచి బిడ్డను తీసుకుని వచ్చేయండి. ఆ ప్రయత్నాల వల్ల సిగ్గు, కుంగుబాటు ఇంకా ముదురుతాయి. వైద్యం డిప్రెషన్‌కు కావాలి.

అపోహ: మార్కులు బాగానే వస్తున్నాయి, డిప్రెషన్ ఏమిటి?

వాస్తవం: టీనేజ్‌లో డిప్రెషన్ ఏడుపుగా కాకుండా చిరాకుగా, కోపంగా కనిపించవచ్చు. ఇక దాచడం అలవాటైన పిల్లలు నవ్వు ముఖం పెట్టడంలో ఆరితేరి ఉంటారు. నిద్ర, ఆకలి, ఇష్టమైన ఆటపాటలు రెండు వారాలకు మించి తేడాగా ఉంటే చూపించాలి.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: కాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి.

అపోహ: మందులు మొదలుపెడితే అలవాటైపోతాయి.

వాస్తవం: డిప్రెషన్ మందులు మత్తుమందుల్లా వ్యసనం కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో పిల్లల్ని దగ్గరుండి గమనించాలి. డాక్టర్‌కి చెప్పకుండా ఆపకూడదు.

అపోహ: అందరికీ చెప్పేస్తే బరువు దిగిపోతుంది.

వాస్తవం: దీన్ని మంచి మనసున్నవాళ్లే ఎక్కువగా అంటారు, అందుకే నాకు భయం. తిండికీ చదువుకీ ఇంటి మీదే ఆధారపడ్డ పిల్లలకు తొందరపాటు ప్రమాదం కావచ్చు. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో తేల్చుకోవాల్సింది ఆ బిడ్డే. టీచరైనా, కౌన్సెలరైనా ఆ బిడ్డ తరఫున ఇంట్లో బయటపెట్టకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ప్రమాదం గురించి చెబితే చాలు, ఈ సంగతి చెప్పక్కర్లేదు. ముందు నమ్మకమైన మనిషి ఒక్కరు చాలు.

ఆ అబ్బాయి వాళ్ల అక్కను ఎంచుకున్నాడు. ఏం చెప్పాలో నా ముందు నాలుగుసార్లు చెప్పి చూసుకున్నాడు. ఇంటికెళ్లాక అందులో ఒక్క ముక్కా గుర్తురాలేదట. "ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావా" అందట అక్క. డిప్రెషన్ ఆ రోజుతో పోలేదు. మందులు ఇంకా వాడుతున్నాడు. నిద్ర మాత్రం కుదురుకుంటోంది.