గులాబీ కొన తుంచితే కన్నులు లేస్తాయి

సద్దుల బతుకమ్మ అయిపోయి వానలు వెనక్కి తగ్గాక, హనుమకొండలోని మా ఇంటి ముందు గులాబీలకు కత్తెర పడుతుంది. అప్పటికి అవి పొడుగ్గా సాగిపోయి ఉంటాయి. కొనన ఒక్క పువ్వు, కింద అంతా బోసి కాడలు. "పూసే కొమ్మను కోస్తవా బిడ్డా?" అని మా అత్తమ్మ ప్రాణం విలవిల్లాడుతుంది. తులసి వెన్నులు మాత్రం ఆమే గోటితో గిల్లేస్తుంది, గుబురుగా వస్తదని. పత్తి చేలో తలలు తుంచేదీ, బంతి మొక్కల కొనలు గిల్లేదీ ఇందుకే. గులాబీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాదు.

ఆకు కాడ కొమ్మకు అతుక్కునే మూలలో ఒకసారి పరీక్షగా చూడండి. ఆవగింజంత ఎర్రటి చుక్క కనిపిస్తుంది. అదే కన్ను. ప్రతి ఆకు వెనకా ఇలా ఒక కొమ్మ నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేవనియ్యనిది కొన చిగురు. అక్కడి లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ గంటకు సుమారు సెంటీమీటరు చొప్పున కిందికి దిగుతూ కన్నులను అణచి ఉంచుతుంది. 1933లో థిమాన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల కొనలు కోసి చూశారు. పక్క కన్నులు లేచాయి. కోసిన చోట ఆక్సిన్ పెడితే లేవలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. కన్నును లేపే సైటోకైనిన్ అనే హార్మోన్‌ను ఆక్సిన్ తగ్గిస్తుంది, ఆపే స్ట్రిగోలాక్టోన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. 2014లో బఠానీ మొక్కల్లో మరో సంగతి తేలింది. కొన పోగానే, అది లాక్కునే చక్కెర కన్నులకు మళ్లుతుంది. ఆక్సిన్ ఇంకా తగ్గకముందే అవి కదులుతాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆ చక్కెర వండేది ఆకులే కాబట్టి, కొన గిల్లేటప్పుడు కింది పచ్చని ఆకులు దూసెయ్యకండి. గులాబీ కన్నుకు వెలుతురు కూడా తప్పనిసరి. చీకట్లో ఉంచితే కొన కోసినా లేవదు. అందుకే నడుమ చిక్కుపడ్డ సన్న రెమ్మలు తీసేస్తే వెలుతురు లోపలిదాకా పడుతుంది.

బయటివైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కొయ్యాలి. ఇంకా పైన కోస్తే ఆ మొండి ఎండిపోతుంది. ఒక ఏప్రిల్‌లో తొందరపడి మొక్క అంతా గట్టిగా కోసేశాను. నీడ పోయి, ఎండకు కాడలు మాడి, కోసిన చోటు నుంచి నలుపు కిందికి పాకింది. ఆ మొక్క దక్కలేదు. ఇప్పటికీ బాధే. ఎండాకాలం వాడిన పూలు తుంచడం వరకే చాలు. అంటు కట్టిన ముడి కింద నుంచి ఏపుగా వచ్చే కొమ్మను చూసి మురిసిపోకండి. అది మన గులాబీది కాదు, అంటు కోసం కింద వాడిన మొక్కది, మొదట్లోనే పీకెయ్యాలి.

కొయ్యడానికి మనసు రాకపోతే, పొడుగు కొమ్మను మెల్లగా పక్కకు వంచి కట్టండి. కొన కిందికి వాలగానే దాని పట్టు సడలుతుంది, కాడ పొడుగునా కన్నులు పైకి లేస్తాయి. అత్తమ్మ ఒప్పుకున్నది దీనికే. తను వంచి కట్టిన కొమ్మ మీద పొద్దున లెక్కపెట్టింది. ఏడు ఎర్ర చిగుళ్లు.