చేప ముక్కకు నిమ్మ ఎప్పుడు పిండాలి

శ్రీకాకుళం

చిరంజీవులైన పిల్లలకు మామ్మ ఆశీస్సులు.

రాత్రి భోజనానికి నిమ్మకాయ చేప మీరే చేస్తామన్నారు, సంతోషం. పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.

పులుసు కాచే పద్ధతి దీనికి పనికిరాదు. చింతపండు రసం మరిగేకొద్దీ చిక్కబడి ముక్కకు పడుతుంది. నిమ్మ వాసన అలా నిలవదు, వేడి తగిలితే ఇట్టే ఎగిరిపోతుంది. మరిగిస్తే ఉత్త పులుపు, కాస్త చేదు మిగులుతాయి. కాబట్టి నిమ్మరసం పొయ్యి ఆపాకే.

నలుగురికి అరకిలో ముక్కలు చాలు. వంజరంలో ముళ్లు తక్కువ, మీకు అదే నయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవల వేట ఉండదు. ఆ రోజుల్లో చెరువు చేప శీలావతి తెచ్చుకోండి, అందులో సన్న ముళ్లుంటాయి, చూసుకుని తినాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన చోట గుంట నిలిచిపోకూడదు. పొలుసు తీయించి, అరంగుళం మందాన ముక్కలు అక్కడే కోయించుకోండి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

కానాగంతలనే సముద్రపు చేపలు తెస్తే ఇంకా జాగ్రత్త. ఎండలో వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనేది పుడుతుంది. తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దురదలు వస్తాయి. ఒకసారి పుట్టాక అది ఎంత వేయించినా పోదు, ఎంత నిమ్మ పిండినా పోదు. తాజా చేపకుండే నీచును నిమ్మ అణుస్తుంది గాని, పాడైన చేపను బాగుచేయదు. వాసన తేడాగా ఉంటే పారేయండి.

ముక్కలు కడిగి, చెంచాడు ఉప్పు, పావు చెంచా పసుపు పట్టించి పావుగంట ఉంచండి. నీరు ఊరుతుంది. దాన్ని వంపేసి, శుభ్రమైన గుడ్డతో ముక్కలను పొడిగా అద్దండి. చాలామంది వదిలేసే పని ఇదే. తడి ఉంటే నూనె చిటపటలాడి చేతి మీద పడుతుంది, ముక్క పెనానికి అంటుకుంటుంది, పైన ఎర్రగా వేగదు. తరవాత చెంచా కారం, అర చెంచా మిరియాల పొడి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నూరి పట్టించండి. వెల్లుల్లి ముద్ద మరీ మందంగా పూస్తే ముక్క ఉడికేలోపు మాడుతుంది.

మసాలాలో కూడా నిమ్మ పిండి మధ్యాహ్నమే నానబెడతామంటారేమో, వద్దు. పులుపు తగిలితే చేప కండ తెల్లబడి బిగుసుకుంటుంది, లోపలి నీరు వదిలేస్తుంది. రెండు గంటలు నానితే పెనం మీద పొడిపొడిగా విడిపోతుంది. తెల్లబడింది కదా ఉడికిందనుకోకండి, క్రిములు చావాలంటే వేడి తగలాల్సిందే.

పెనం బాగా వేడెక్కాక మూడు పెద్ద చెంచాల నువ్వుల నూనె వేయండి. నూనె కాగాక ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరవండి. మధ్యస్థం మంట మీద మూడు నాలుగు నిమిషాలు కదపొద్దు. అడుగు వేగితే ముక్క తనంతట తానే పెనాన్ని వదులుతుంది, వదలకపోతే ఇంకా కాలేదన్నమాట, గరిటెతో పెకలించకండి. ఒక్కసారే తిప్పి, రెండో వైపు రెండు మూడు నిమిషాలు వేయించండి. మందంగా ఉన్న చోట చెంచా కొసతో విడదీసి చూడండి: కండ పొరలు పొరలుగా రావాలి, ముల్లు పక్కన ఎరుపు గాని, గాజులాంటి నిగారింపు గాని ఉండకూడదు.

పొయ్యి ఆపి, ముక్కలు పళ్లెంలోకి తీసి, ఒక్క నిమిషం ఆగి రెండు నిమ్మకాయల రసం పైన చల్లండి. ఇనుప పెనంలోకి రసం పిండకండి, లోహపు రుచి వస్తుంది, పెనం మీది నూనె పూతా పోతుంది. కాయను అప్పటికప్పుడే కోయాలి, ముందే పిండి ఉంచిన రసం చేదెక్కుతుంది. గింజలు పడనివ్వకండి. తొక్కలు నలిగేంతగా పిండినా చేదే.

దబ్బకాయ దొరికితే ఇంకా మంచిది. దాని పై తొక్కను అర చెంచా తురిమి, రసంతో పాటు చల్లండి. పైరంగు మాత్రమే తురమాలి, కింద తెల్లటి దళసరి పొర తగిలితే అంతా చేదు. మా ఊళ్లలో దీన్ని పులిహోరకే వాడతారు గాని, వేయించిన చేప మీద ఆ వాసన నిమ్మకంటే ఘాటుగా, నిండుగా ఉంటుందని నా మాట.

సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర పైన వేసి, వేడన్నం, పప్పుచారుతో వడ్డించండి. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా వేడిచేసి తినండి. ఆ ముక్కకు మళ్లీ అరచెక్క నిమ్మ కావాలి, నిన్నటి వాసన ఉండదు.

మీ మామ్మ