చెవిలో నీళ్లు, కడుపులో తిప్పు: ఓపెన్ వాటర్ ఈతలో అపోహలు - వాస్తవాలు

ఓపెన్ వాటర్ ఈత, అంటే సముద్రం, చెరువు లాంటి చోట్ల ఈదడం నేర్పడం నా పని. పూల్‌లో నిక్షేపంగా ఈదేవాళ్లు సముద్రంలో దిగిన మొదటి వారాల్లో రెండే రెండు ఫిర్యాదులతో ఒడ్డుకొస్తారు. చెవి సలుపుతోందని ఒకరు, కడుపులో తిప్పుతోందని ఇంకొకరు. మొదటిదానికి చుక్కల మందు, రెండోదానికి వాంతుల మాత్ర అని సొంతవైద్యం కూడా అప్పటికే మొదలైపోయి ఉంటుంది. నన్నడిగితే రెండింటికీ ముందు చూడాల్సింది చెవినే. శరీరం ఎటు కదులుతోందో మెదడుకు చెప్పే అవయవం ఉన్నది అక్కడే.

అపోహ: చెవిలో పడ్డ నీళ్లు తలలోకి దిగిపోతాయి.

దిగవు. పెద్దవాళ్లలో చెవి కాలువ పొడవు దాదాపు 2.5 సెంటీమీటర్లు. దాని చివరను కర్ణభేరి పూర్తిగా మూసేస్తుంది. దానికి చిల్లు లేనంతవరకు నీళ్లు అది దాటి పోవు. చిల్లు ఉన్నవాళ్లు, కర్ణభేరిలో గొట్టం వేయించుకున్నవాళ్లు మాత్రం చెవి డాక్టర్ని అడక్కుండా నీళ్లలో దిగొద్దు.

అపోహ: ఈత కాగానే ఇయర్‌బడ్‌తో తుడిచేస్తే ఇన్ఫెక్షన్ రాదు.

నేను చూసిన చెవినొప్పుల్లో చాలావాటికి మూలం ఆ బడ్డే. గులిమి మురికి కాదు. దానికి జిడ్డు ఉంది, నీటిని అంటనివ్వదు. కాస్త ఆమ్లగుణం కూడా ఉంది, బ్యాక్టీరియాను పెరగనివ్వదు. గంటసేపు నీళ్లలో నానిన చెవి కాలువ చర్మం మెత్తబడి ఉంటుంది. ఆ సమయంలో బడ్ పెట్టి తిప్పితే గులిమి పోతుంది, కంటికి కనపడని గీతలు పడతాయి, మిగిలిన గులిమి ఇంకా లోపలికి వెళ్లి కూరుకుపోతుంది. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాకు అంతకంటే ఏం కావాలి? ముందు దురద పెడుతుంది, తర్వాత నొప్పి. చెవిని పట్టుకుని లాగినా, చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపెను నొక్కినా ప్రాణం లేచొస్తే అది బయటి చెవి ఇన్ఫెక్షనే అయ్యే అవకాశం ఎక్కువ.

నీళ్లు తీయాలంటే తల పక్కకు వంచి, చెవిని అటూ ఇటూ లాగుతూ కారనివ్వండి. తువ్వాలు అంచుతో బయట బయటే అద్దండి. హెయిర్ డ్రయ్యర్ వాడితే అతి తక్కువ వేడిలో, దూరంగా పట్టుకోవాలి. వెనిగర్, స్పిరిట్ సమపాళ్లలో కలిపిన చుక్కలు ముందుజాగ్రత్తగా పనికొస్తాయి. అదీ కర్ణభేరి బాగున్నవాళ్లకే. నొప్పి మొదలయ్యాక వేస్తే మంటే తప్ప మందు కాదు.

అపోహ: నీళ్లలో తల గిర్రున తిరిగిందంటే తిన్నది పడలేదన్నమాట.

లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి, వాటి నిండా ద్రవం. వాటిలో ఒకటి చెవి కాలువకు బాగా దగ్గర. చల్లటి నీళ్లు ఒక చెవిలోకి ఎక్కువగా వెళితే ఆ పక్క ద్రవం చల్లబడి కదులుతుంది. పొయ్యి మీది గిన్నెలో నీళ్లు వేడి తేడాకు కదలడం లాంటిదే ఇదీ. తల కదలకపోయినా తిరుగుతున్నట్టు మెదడుకు కబురు వెళ్తుంది. రోగుల చెవులు నీళ్లతో కడిగేటప్పుడు రాబర్ట్ బరానీ అనే చెవి డాక్టర్ గమనించింది ఇదే. లోపలి చెవి మీద చేసిన పరిశోధనకు ఆయనకు 1914 నోబెల్ బహుమతి దక్కింది. ఇప్పటికీ చెవి డాక్టర్లు లోపలి చెవి పనితీరును 30, 44 డిగ్రీల నీళ్లతో ఇలాగే పరీక్షిస్తారు.

ఒక చెవిలో గులిమి గడ్డకట్టి ఉన్నా, చెవిలో పెట్టుకునే ప్లగ్‌లలో ఒకటి వదులైనా సరిగ్గా ఈ తేడాయే వస్తుంది. అందుకే నా దగ్గర ఎవరూ పరుగున వెళ్లి దూకరు. నడుములోతులో నిలబడి, ముఖం ముంచి, రెండు చెవుల్లోకీ నీళ్లు మెల్లగా వెళ్లనిచ్చాకే బయల్దేరాలి. చల్లటి నీళ్లయితే నియోప్రీన్ క్యాప్ (చలిని ఆపే మందపాటి రబ్బరు టోపీ) చెవుల మీదకు లాక్కోవాలి. అయినా తల తిరిగిందా, ఈత ఆపండి. టో ఫ్లోట్‌ను (నడుముకు కట్టుకుని వెంట లాక్కెళ్లే, నీటిపై తేలే సంచిని) రెండు చేతులా పట్టుకుని, ఒడ్డున కదలని వస్తువు ఒకదాని మీద చూపు నిలపండి, చెయ్యెత్తి సాయం పిలవండి. చెవిలో నీళ్లు వేడెక్కేకొద్దీ మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది.

అపోహ: ఫోమ్ ప్లగ్‌లున్నాయిగా, చాలు.

అవి చప్పుడు ఆపడానికి, నీళ్లు ఆపడానికి కాదు. ఈతకు సిలికాన్‌వి వాడండి. వాటితో తోడుగా వచ్చే పడవలోంచి వేసే కేక వినపడదు, కాబట్టి చేతి సైగలు ముందే మాట్లాడుకోండి. లోతుకు డైవ్ చేసేవాళ్లు ఏ ప్లగ్గూ పెట్టుకోకూడదు. పీడనం దాన్ని లోపలికి తోసేస్తుంది.

అపోహ: వికారం పడవలో కూర్చున్నవాళ్లకే, ఈదేవాళ్లకు రాదు.

వస్తుంది, బాగానే వస్తుంది. అల ఎత్తి దించుతోందని చెవి చెబుతుంటే, గాగుల్స్‌లోంచి కంటికి కనపడేది మసక నీళ్లే. ఆ పొంతన కుదరకపోవడమే వికారం. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కన ఊగే పడవనే చూస్తే ఇంకా ఎక్కువవుతుంది. పడవ మీద కాదు, దాని అవతల ఒడ్డు మీదో దిగంతం మీదో చూపు పెట్టండి. డీజిల్ పొగ మీ ముఖం మీదకు రాకుండా పడవను గాలివాలుకు కింద నడపమనండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. నాలుగు గుక్కలు పోతే కడుపు ఊరుకోదు. రెండు వైపులా ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటే అల ఎటు నుంచి వచ్చినా రెండో వైపు తిరగొచ్చు.

ఇక మాత్రల సంగతి. మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ లాంటివి ముందే వేసుకుంటే పనిచేస్తాయి, వికారం మొదలయ్యాక అంతగా కాదు. వాటితో మగత వస్తుంది. నా అభ్యంతరం అక్కడే. చల్లటి నీళ్లలో మాట ముద్దగా వస్తుంటే అది మాత్ర ప్రభావమో, ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడడమో పడవలో ఉన్న నాకు ఎలా తెలియాలి? డాక్టర్ని అడిగి, ముందు ఒడ్డు మీద ఒకసారి వేసుకుని చూడండి. వేసుకున్న సంగతి పడవలో వాళ్లకు చెప్పండి.

చల్లటి నీళ్లకు చెవి రాటుదేలుతుందనేవాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి చల్లటి నీళ్లు, గాలి తగిలితే చెవి కాలువలో ఎముకే పెరిగి దారి ఇరుకవుతుంది. మరీ మూసుకుపోతే ఆపరేషన్ చేయాల్సిందే.

చెవిలోంచి చీము కారినా, తల తిరుగుడు గంటలు గడిచినా తగ్గకపోయినా, షుగర్ ఉన్నవాళ్లకు చెవిపోటు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి. నీళ్లు ఇంకా పోలేదేమోలే అని వారం ఆగారంటే మందు పనిచేసే గడువు దాటిపోవచ్చు.