ఫిజిక్స్ చదువు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫార్ములాలు నోటికి వస్తే సగం ఫిజిక్స్ వచ్చేసినట్టే.

11, 12 తరగతుల పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ నేను ఎక్కువసార్లు సరిదిద్దేది ఈ నమ్మకాన్నే. ఫార్ములా గుర్తుండాలి, కాదనను. కానీ అది ఎక్కడ పనిచేయదో కూడా తెలియాలి. నున్నటి బల్ల మీద స్ప్రింగుకు కట్టిన దిమ్మను లాగి వదిలాం. అది మధ్య స్థానానికి వచ్చేసరికి వేగం ఎంత? చాలామంది వెంటనే తొలి వేగం, తుది వేగం, త్వరణం, దూరం ఉన్న సమీకరణం రాసేస్తారు. ఆ సమీకరణం త్వరణం మారనప్పుడే పనికొస్తుంది. ఇక్కడ దిమ్మ మధ్యకు వచ్చే కొద్దీ స్ప్రింగు లాగే బలం తగ్గుతుంది, దాంతో త్వరణమూ తగ్గుతుంది. వదిలిన క్షణంలో ఉన్న త్వరణమే చివరిదాకా ఉందనుకుంటే, జవాబు అసలు వేగానికి దాదాపు 1.41 రెట్లు వస్తుంది. స్ప్రింగులోని స్థితిశక్తి అంతా గతిశక్తిగా మారిందని రాస్తే రెండు లైన్లలో సరైన జవాబు వస్తుంది. అందుకే ప్రతి ఫార్ములా పక్కనా అది ఏ షరతు మీద వచ్చిందో ఒక ముక్క రాసుకోమంటాను. డెరివేషన్ చదివేది కూడా ఆ షరతు ఎక్కడ వచ్చి చేరిందో చూడటానికే.

అపోహ: బల్ల మీది పుస్తకం బరువు, బల్ల పైకి నెట్టే బలం చర్య-ప్రతిచర్య జంట.

రెండూ సమానం, దిశలు వ్యతిరేకం. అందుకే ఇంత తేలిగ్గా పొరబడతాం. కానీ ఈ రెండు బలాలూ పనిచేసేది ఒకే పుస్తకం మీద. న్యూటన్ మూడో నియమం చెప్పే జంట ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటుంది. భూమి పుస్తకాన్ని లాగుతుంటే పుస్తకం భూమిని లాగుతుంది, జంట అది. అనుమానం ఉంటే ఆ బల్లను లిఫ్టులో పెట్టి చూడండి. లిఫ్టు పైకి వేగం పుంజుకుంటున్నంత సేపూ బల్ల నెట్టే బలం బరువు కన్నా ఎక్కువగా ఉంటుంది. నిజమైన జంటలో అలాంటి తేడా ఒక్క క్షణం కూడా రాదు.

అపోహ: పైకి విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తులో వేగం సున్నా, కాబట్టి త్వరణమూ సున్నా.

త్వరణం కూడా సున్నా అయితే బంతి అక్కడే నిలిచిపోవాలి కదా! ఆ క్షణంలోనూ వేగం ప్రతి సెకనులోనూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున మారుతూనే ఉంటుంది, కిందివైపుకు.

అపోహ: లెక్కల్లో చురుకుంటే తప్ప ఫిజిక్స్ రాదు.

బీజగణితం, త్రికోణమితి, కొంచెం కలనగణితం కావాలి, అంతే. నేను దిద్దే పేపర్లలో తప్పు ఎక్కువగా మొదలయ్యేది గణితంలో కాదు, బొమ్మలో. ఒక బలం గీయడం మర్చిపోతారు, లేదా లేని బలం గీస్తారు. ప్రతి బాణం పక్కన 'ఈ బలం ఏ వస్తువు వల్ల వచ్చింది' అని రాయమంటే, లేని బలాలు వాటంతటవే బయటపడతాయి.

అపోహ: సాల్వ్ చేసిన లెక్కలు ఎన్ని ఎక్కువ చదివితే అంత మంచిది.

చదువుతున్నంత సేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే మొదటి లైనే రాదు. ముందు ఒక పావుగంట మీరే తంటాలు పడండి. అప్పటికీ కదలకపోతే జవాబులో ఒక్క లైను చూసి, పుస్తకం మూసి, మళ్లీ మొదలుపెట్టండి.