తల్లిదండ్రుల ద్వారా వచ్చే అమెరికా పౌరసత్వం: అపోహలు - వాస్తవాలు

అమెరికా వలస చట్టాల కింద దరఖాస్తులు సిద్ధం చేయడం నా వృత్తి. తల్లో తండ్రో అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, పిల్లల పౌరసత్వానికి రుజువు కావాలంటూ వచ్చే కుటుంబాలతో మాట్లాడినప్పుడల్లా నాకు అర్థమయ్యేది ఒక్కటే: పౌరసత్వ ధ్రువపత్రం కోసం పెట్టే ఎన్-600 దరఖాస్తే పౌరసత్వాన్ని ఇస్తుందన్న నమ్మకం నుంచే మిగిలిన అపోహలు చాలావరకు పుడుతున్నాయి.

అపోహ: ఎన్-600 ఆమోదం పొందిన రోజునే బిడ్డకు పౌరసత్వం వస్తుంది.

వాస్తవం: పౌరసత్వం అంతకుముందే, చట్టం వల్ల దానంతటదే వచ్చి ఉంటుంది. 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన బాలల పౌరసత్వ చట్టం ప్రకారం తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులై ఉండాలి. బిడ్డకు 18 ఏళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు. బిడ్డ గ్రీన్‌కార్డుతో, ఆ పౌరులైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో అమెరికాలో నివసిస్తూ ఉండాలి. ఇవి ఏ వరుసలో నెరవేరినా సరే, అన్నీ ఒకే సమయంలో కుదిరిన రోజే బిడ్డ పౌరసత్వ తేదీ. పౌరసత్వ ధ్రువపత్రం ఆ తేదీని నమోదు చేస్తుంది, అంతే. అందుకే ఈ దరఖాస్తుకు గడువు లేదు, ముప్పై ఏళ్ల వయసులోనూ పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు, పౌరశాస్త్ర పరీక్షలు కూడా ఉండవు. అయితే ఆ చట్టం అమల్లోకి వచ్చేనాటికే 18 దాటినవారికి పాత చట్టం వర్తిస్తుంది, దాని షరతులు వేరు.

అపోహ: బిడ్డకు 18 నిండేలోగా తల్లిదండ్రుల పౌరసత్వ ఇంటర్వ్యూ పూర్తయితే చాలు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే దీనివల్ల జరిగే నష్టాన్ని తరువాత ఏ పత్రంతోనూ పూడ్చలేం. తల్లి లేదా తండ్రి పౌరులయ్యేది పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 పంపిన రోజున కాదు, ఇంటర్వ్యూలో ఉత్తీర్ణులైన రోజునా కాదు, ప్రమాణ స్వీకారం చేసిన రోజున. ఆ ప్రమాణం బిడ్డ పద్దెనిమిదో పుట్టినరోజుకు ముందే జరగాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తుల్లో పిల్లల వయసును లెక్కకట్టి నిలిపి ఉంచే చట్టం ఒకటి ఉంది కదా, అదే ఇక్కడా ఆదుకుంటుందని చాలామంది ధీమాగా ఉంటారు. పౌరసత్వం విషయంలో అది వర్తించదు. గడువు దగ్గరపడితే బిడ్డ పుట్టినతేదీని ఆధారంతో చూపి, ప్రమాణ స్వీకారాన్ని ముందుకు జరపమని వలస కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా కోరాలి. అంగీకరించడం వారి విచక్షణే అయినా, అడగకుండా మాత్రం ఉండకండి. ఆ రోజు దాటిపోతే బిడ్డ తన గ్రీన్‌కార్డు ఆధారంగా తానే ఎన్-400 పెట్టుకోవాలి.

అపోహ: గ్రీన్‌కార్డు ఉంటే బిడ్డ ఎక్కడ పెరుగుతున్నా పరవాలేదు.

వాస్తవం: వేసవి సెలవులకు ఇండియా వెళ్లిరావడం వల్ల ఇబ్బంది లేదు. కానీ తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉండి అక్కడే బడికి వెళుతున్న బిడ్డ అమెరికాలో నివసిస్తున్నట్లు లెక్కకు రాదు. అందుకే బడి రికార్డులు, టీకాల పట్టిక, వైద్యుల బిల్లులు, పన్ను రిటర్నులు దాచుకోమని చెబుతాను. పదేళ్ల తరువాత ఆనాటి నివాసాన్ని నిరూపించేవి ఇవే. విదేశంలోనే నివసించే బిడ్డకు ఎన్-600కె అనే వేరే మార్గం ఉంది గానీ, అందులో పౌరసత్వం దానంతటదే రాదు. దరఖాస్తు ప్రక్రియ మొత్తం 18 నిండేలోగా, బిడ్డ చట్టబద్ధంగా అమెరికాకు వచ్చి ఉన్న సమయంలో ముగియాలి. ఇక హెచ్-4 వీసాపై (ఉద్యోగ వీసాదారుల కుటుంబానికి ఇచ్చేది) ఉన్న బిడ్డ అమెరికాలోనే పెరిగినా, గ్రీన్‌కార్డు వచ్చేవరకు ఈ చట్టం కింద పౌరసత్వం రాదు.

అపోహ: సవతి తండ్రి లేదా సవతి తల్లి పౌరులైతే బిడ్డకూ పౌరసత్వం వస్తుంది.

వాస్తవం: చట్టబద్ధంగా దత్తత తీసుకుంటే తప్ప రాదు.

అపోహ: జనన ధ్రువపత్రం ఉంది కాబట్టి బంధుత్వం రుజువైనట్లే.

వాస్తవం: మన కుటుంబాల దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. బిడ్డ పేరు లేకుండానే నమోదైన పత్రాలు ఎన్నో చూశాను. అలాంటప్పుడు నమోదు చేసిన మున్సిపాలిటీ లేదా పంచాయతీ దగ్గర పేరు చేర్పించుకొని కొత్త ప్రతి తీసుకోవాలి. తల్లి పేరు పక్కన ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, మరోచోట అత్తింటి ఇంటిపేరు కనిపిస్తాయి; తండ్రి పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్న ఇంటిపేరు జనన పత్రంలో ఒక్క అక్షరంగా మిగిలి ఉంటుంది. ఇవి మనకు సహజమే గానీ, పరిశీలించే అధికారికి ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపించవచ్చు. వివాహ ధ్రువపత్రం, పాత పాస్‌పోర్టులు జతచేసి, తేడా ఎందుకు వచ్చిందో ఒక పేజీలో వివరించండి. తెలుగులో మాత్రమే ఉన్న పత్రానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం, దానిపై అనువాదకుని ధ్రువీకరణ తప్పనిసరి.

అపోహ: అమెరికా పాస్‌పోర్టు ఉంటే పౌరసత్వ ధ్రువపత్రం అనవసరం.

వాస్తవం: గడువులో ఉన్న అమెరికా పాస్‌పోర్టు చట్టరీత్యా పౌరసత్వానికి పూర్తి రుజువు. అయితే 16 ఏళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుంది, ధ్రువపత్రానికి గడువు ఉండదు. 2024 ఏప్రిల్ 1న అమలైన పట్టిక ప్రకారం ఎన్-600 రుసుము ఆన్‌లైన్‌లో 1,335 డాలర్లు, కాగితంపై 1,385 డాలర్లు. దరఖాస్తుకు ముందు తాజా రుసుమును సరిచూసుకోండి. ఒకేసారి ఇంత భరించలేనివారికి ముందు పాస్‌పోర్టు తీసుకోమనే చెబుతాను. ఏది తీసుకున్నా సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో బిడ్డ రికార్డులో పౌరసత్వాన్ని విడిగా నమోదు చేయించుకోవాలి.

అపోహ: తిరస్కరిస్తే మళ్లీ ఎన్-600 పెట్టుకోవచ్చు.

వాస్తవం: పెట్టుకోలేరు. ఒకసారి తిరస్కరించాక అదే వ్యక్తి పేరిట రెండో ఎన్-600ను అమెరికా వలస సేవల సంస్థ యుఎస్‌సిఐఎస్ స్వీకరించదు. తిరస్కరణపై 30 రోజుల్లోగా, నిర్ణయం తపాలాలో వస్తే 33 రోజుల్లోగా, ఐ-290బి అనే ఫారం ద్వారా అప్పీలు చేసుకోవచ్చు. లేదా అదే ఫారంతో కేసును తిరిగి తెరవమని, పునఃపరిశీలించమని కోరవచ్చు. లోపమున్న పత్రాలతో తొందరపడి పంపే బదులు, జనన పత్రంలో పేరు సరిచేయించేందుకు మూడు నెలలు ఆగమని నేను పట్టుబట్టేది ఇందుకే.