ప్రింట్ రావాలంటే అడ్మిన్ చెయ్యాలా? షేర్డ్ కంప్యూటర్లు, నెట్‌వర్క్ ప్రింటర్ల మీద అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఆఫీసుల్లో, రైస్ మిల్లుల్లో, కాలేజీ ల్యాబుల్లో కంప్యూటర్ల పని చూస్తుంటాను. ఒకే సిస్టమ్ మీద పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఇంకొకరు కూర్చునే ప్రతి చోటా ఒకటే ఫిర్యాదు: "సార్, మీ లాగిన్‌ల ప్రింట్ వస్తుంది, మా లాగిన్‌ల ప్రింటరే కనపడ్తలేదు." అవతల లారీ గేటు దగ్గర ఆగి ఉంటుంది, గుమాస్తాకు గేట్‌పాస్ రాదు, తిట్లు మాత్రం ఆయనకే పడతాయి. తప్పు ఆయనది కాదు.

అపోహ: మామూలు యూజర్‌కు ప్రింట్ రావాలంటే అడ్మిన్ హక్కులు (సిస్టమ్‌లో ఏదైనా మార్చగలిగే అధికారం) ఇవ్వాల్సిందే.

వాస్తవం: ప్రింట్ తీయడానికి అడ్మిన్ హక్కు అక్కర్లేదు, డ్రైవర్ (కంప్యూటర్‌ను ఆ ప్రింటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఎక్కించడానికే కావాలి. 2021లో, ప్రింట్ జాబులను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే విండోస్ ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడింది. దాన్ని వాడుకుని బయటివాళ్లు కంప్యూటర్‌ను పూర్తిగా చేతిలోకి తీసుకోగలిగేవాళ్లు. అందుకే ఆ ఆగస్టు అప్‌డేట్ నుంచి షేర్డ్ ప్రింటర్ డ్రైవర్‌కు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. యూట్యూబ్‌లో చూసి రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్‌లు ఉండే చోటు) ఆ కట్టడి తీసేసేవాళ్లను, అందరినీ అడ్మిన్ చేసేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది, ఎందుకంటే నలుగురు వాడే సిస్టమ్‌లో ఒక్కరి పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉన్నా నలుగురి ఫైళ్లూ పోతాయి.

అపోహ: అడ్మిన్ లాగిన్‌లో ప్రింటర్ పెట్టేస్తే అందరికీ వచ్చినట్టే.

వాస్తవం: సగం ఫోన్లు ఈ ఒక్క అపోహ వల్లే వస్తాయి. పక్క కంప్యూటర్‌లోనో సర్వర్‌లోనో షేర్ చేసిన ప్రింటర్‌ను కలుపుకుంటే, ఆ కనెక్షన్ కలిపిన యూజర్ ఖాతాలోనే ఉంటుంది, మిగతావాళ్లకు కనపడదు. అదే ప్రింటర్‌కు సొంత ల్యాన్ కేబులో వైఫైయో ఉంటే, అడ్మిన్‌గా 'యాడ్ ప్రింటర్'లోకి వెళ్లి టీసీపీ/ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ ప్రింటర్ నంబరు) ఇచ్చి పెట్టండి, అది మొత్తం కంప్యూటర్‌కు చెందుతుంది, ఎవరు లాగిన్ అయినా కనపడుతుంది. పక్క సిస్టమ్‌కు యూఎస్‌బీతో తగిలించిన ప్రింటర్ అయితే, అదే డ్రైవర్‌ను ముందుగా అడ్మిన్‌గా ఈ కంప్యూటర్‌లో ఎక్కించి ఉంచండి, అప్పుడు మామూలు యూజర్ కలుపుకున్నా సాధారణంగా పాస్‌వర్డ్ అడగదు. పక్క సిస్టమ్ అడిగే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సేవ్ చేసినా అది కూడా ఎవరి లాగిన్‌లో చేస్తే వాళ్లకే పనిచేస్తుంది, ఇది చాలామంది మర్చిపోతారు. ఇంకో మాట, ఆ పక్క సిస్టమ్ స్లీప్‌లోకి పోతే ఇక్కడ ఎవరికీ ప్రింట్ రాదు. పని అయ్యాక మీ లాగిన్‌లో టెస్ట్ పేజీ తీసి వెళ్లిపోకండి, రోజూ వాడే మనిషి లాగిన్‌లో తీసి చూపించండి.

అపోహ: ఆఫ్‌లైన్ అని చూపిస్తే ప్రింటర్ పాడైనట్టే.

వాస్తవం: మన దగ్గర ముందు అడగాల్సింది, కరెంటు పోయి వచ్చిందా అని. రౌటర్ ఆగి మళ్లీ లేచాక ప్రింటర్‌కు కొత్త అడ్రస్ ఇచ్చి ఉండవచ్చు. ప్రింటర్‌లోనే నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ తీయండి, దాని మీద 192.168.1.37 అని ఉండి, కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని పోర్ట్స్ దగ్గర ఇంకా 192.168.1.34 అనే ఉంటే దొరికిపోయినట్టే. పోర్టు మారిస్తే ఇవాళ్టికి సరిపోతుంది, కానీ రౌటర్‌లో ఆ ప్రింటర్‌కు ఒకే అడ్రస్ రిజర్వ్ చేస్తేనే మళ్లీ టెన్షన్ ఉండదు. అడ్రస్ సరిగ్గానే ఉండి కూడా ఆఫ్‌లైన్ అంటుంటే, అదే పోర్టు సెట్టింగ్‌లో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ (ప్రింటర్ పరిస్థితిని నెట్‌వర్క్‌లో అడిగి తెలుసుకునే పద్ధతి) టిక్ తీసి చూడండి.

అపోహ: క్యూలో ప్రింట్ ఇరుక్కుంటే సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే పోతుంది.

వాస్తవం: చాలాసార్లు పోదు. ప్రింట్ జాబులు డిస్క్ మీద స్పూల్ ఫోల్డర్‌లో ఫైళ్లుగా ఉంటాయి, రీస్టార్ట్ అయ్యాక మళ్లీ వచ్చి కూర్చుంటాయి. పైగా మామూలు యూజర్ తను ఇచ్చిన జాబునే తీసేయగలడు, పొద్దున షిఫ్టు ఆయన వదిలేసి పోయిన జాబు పైన ఇరుక్కుంటే మధ్యాహ్నం వచ్చినవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. దీనికోసం ఎవరినీ అడ్మిన్ చెయ్యొద్దు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి, బాధ్యతగా ఉండే ఒక ఆపరేటర్‌కు 'మేనేజ్ డాక్యుమెంట్స్' అనుమతి ఇవ్వండి. ఎవరి జాబునైనా తీసేయగలరు, కంప్యూటర్‌లో ఇంకేమీ మార్చలేరు. అప్పటికీ కదలకపోతే మాత్రం అడ్మిన్ వచ్చి స్పూలర్ సర్వీస్ ఆపి, ఆ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ మొదలుపెట్టాలి.

అపోహ: డిఫాల్ట్ ప్రింటర్ దానంతట అదే మారితే వైరస్.

వాస్తవం: కాదు. 'విండోసే నా డిఫాల్ట్ ప్రింటర్ చూసుకోవాలి' అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. సెట్టింగ్స్‌లో ప్రింటర్ల పేజీలో దాన్ని ఆఫ్ చేయండి. ఇదీ ఒక్కో యూజర్‌కు విడిగానే ఉంటుంది, కాబట్టి ఆ సిస్టమ్ వాడేవాళ్లందరి లాగిన్‌లోనూ ఆఫ్ చేయాలి.