గెయిటీ ఏదని అడిగారుగా

ఒరేయ్ చిన్నోడా, బుజ్జమ్మా,

మొన్న మౌంట్ రోడ్డు నుంచి బ్లాకర్స్ రోడ్డు వైపు తిరగ్గానే నేను ఆగిపోతే ఇక్కడేముంది తాతయ్యా అన్నారు, ఆ ఎండలో ఓపిక లేక ముందు కాఫీకి పదండి అన్నాను కదా, అదే ఇప్పుడు రాస్తున్నా. అక్కడ గెయిటీ అని ఒక థియేటర్ ఉండేది. మద్రాసులో తెల్లవాళ్ళు కాకుండా మనవాళ్ళు కట్టిన మొదటి సినిమా హాలు అదే, కట్టింది మన బందరాయన, రఘుపతి వెంకయ్య నాయుడు.

ఆయన అసలు ఫోటోగ్రాఫర్, మౌంట్ రోడ్డులోనే స్టూడియో. బాగానే నడుస్తోంది, ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు, క్రోనోమెగాఫోన్ అనే మెషిన్ తెప్పించాడు, 30,000 పోశాడంటారు, ఆ రోజుల్లో! ఒక పక్క చిన్న బొమ్మ రీలు తిరుగుతుంటే ఇంకో పక్క గ్రామఫోన్ ప్లేటు తిరిగేది, రెండూ కలిస్తే తెరమీద మనిషి నిజంగా పాడినట్టే, కలవకపోతే నోరు మూశాక కూడా పాట వస్తూ ఉండేదేమో (ఇది నా ఊహ, ఎక్కడా చదవలేదు). 1910లో సెంట్రల్ స్టేషన్ దగ్గర విక్టోరియా పబ్లిక్ హాల్లో షోలు వేశాడు, తర్వాత మెషిన్ పట్టుకుని సిలోన్, బర్మా దాకా తిరిగొచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకే గెయిటీ, మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబు. ఆ గ్లోబే తర్వాత రాక్సీ అయింది. ఇప్పుడు మూడూ లేవు.

కొడుకు ప్రకాష్‌ని సినిమా నేర్చుకు రమ్మని ఇంగ్లండు కూడా పంపాడు, అతను 1920ల మొదట్లో తీసిన మూకీ భీష్మ ప్రతిజ్ఞ. పేరొచ్చింది గానీ సినిమాలు తీయడంలో డబ్బు కరిగిపోయింది. వెంకయ్యగారు 1941లో పోయారు.

నేను కాలేజీ రోజుల్లో గెయిటీలో ఎన్ని మార్నింగ్ షోలు చూశానో లెక్కలేదు, ఇంటర్వెల్లో టీ తాగుతూ ఆ గోడకే ఆనుకుని నిలబడేవాళ్ళం, ఒక్కసారైనా ఇది ఎవరు కట్టారని అడగలేదురా. అది ఎవరిదో నాకు తెలిసేసరికి గోడ కూడా లేదు, స్థలం రేటు ముందు పాత హాలు నిలబడుతుందా.

మౌంట్ రోడ్డులో ఎలక్ట్రిక్ థియేటర్ అనే ఇంకో పాత హాలు మాత్రం బతికింది, దాన్ని తపాలా వాళ్ళు తీసుకోబట్టి. లోపల స్టాంపులు అమ్ముతారు బుజ్జమ్మా, నీ ఆల్బమ్ తెచ్చుకో. శనివారం పొద్దున్నే వెళ్దాం, ఎండ ఎక్కకముందు.

తాతయ్య